సైటు చూడని పట్టా

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కన్సల్టెన్సీ ఆఫీసు, మూడో అంతస్తు. గోడ నిండా వీసా వచ్చిన పిల్లల ఫొటోలు. మా ఇంటి స్లాబు వేసిన మేస్త్రీ నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ‘ఆళ్లు ఇంగ్లీషుల చెప్తరు సార్, నాకు సమజ్ కాదు, జర మీరు గూడ రాండ్రి’ అని ముందురోజు ఫోన్ చేశాడు. పక్కన కొడుకు. బీటెక్ సివిల్, రెండు బ్యాక్‌లాగులు ఈమధ్యే గట్టెక్కాయి. కౌన్సెలర్ అమ్మాయి కంప్యూటర్ తెర మావైపు తిప్పి, ‘ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అండీ. యూకేలో మంచి డిమాండ్. కోడింగ్ ఉండదు, ఏ బ్యాక్‌గ్రౌండ్ అయినా పర్లేదు’ అంది. ఏడాది ఫీజు 16 వేల పౌండ్లు. మేస్త్రీ జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, సిమెంటు బస్తాల లెక్క ఉన్న పేజీలోనే ఓ మూల ఆ అంకె రాసుకున్నాడు. బోడుప్పల్ అవతల ఉన్న ప్లాటు బేరానికి పెట్టాడని మెట్లు దిగుతుంటే చెప్పాడు.

పాతికేళ్లుగా ప్రాజెక్టులు నడుపుతున్న మనిషి, ప్రాజెక్టు నడపడమెలాగో కొడుక్కి నేర్పించడానికి స్థలం అమ్మి ఇంగ్లండ్ పంపుతున్నాడు. అదే ఇంగ్లండ్‌లో పెద్ద కంపెనీలు 18 ఏళ్ల పిల్లల్ని తీసుకుని, నెలనెలా జీతమిచ్చి, ఫీజు తామే కట్టి, ఇదే విద్యలో డిగ్రీ ఇప్పిస్తున్నాయి. ఆ రెండో దారి గురించి కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు. చెప్పినా మనవాళ్లకు అందదు. ఎందుకు అందదో, అది అక్కడ ఎలా నడుస్తోందో తెలుసుకుంటే మాత్రం మన చదువుల్లో ఎక్కడ గండి పడిందో తెలుస్తుంది.

డిగ్రీ అప్రెంటిస్‌షిప్ ఇంగ్లండ్‌లో 2015లో మొదలైంది. మన ఇంటర్‌తో సమానమైన చదువు పూర్తిచేసిన కుర్రాడు నేరుగా కంపెనీలో ఉద్యోగిగా చేరతాడు. కంపెనీ ఒక విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుంటుంది. పని గంటల్లో అయిదో వంతు చదువుకే కేటాయించాలన్నది మొదట పెట్టిన నియమం. 2022లో దాన్ని వారానికి కనీసం ఆరు గంటలుగా మార్చారు. ఆ గంటలు జీతం వచ్చే గంటలే, రాత్రిళ్లు నిద్ర మానుకుని చదివేవి కావు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో అయితే దాదాపు నాలుగేళ్లు పడుతుంది. చివర్లో తాను చేసిన పని మీద నివేదిక ఇచ్చి, పరీక్షకుల ముందు కూర్చుని దాన్ని సమర్థించుకోవాలి. చేతికొచ్చేది మామూలు కాలేజీ పిల్లలకు ఇచ్చే ఆనర్స్ డిగ్రీయే. పట్టా మీద ‘అప్రెంటిస్’ అని వేరే ముద్ర ఏమీ ఉండదు.

మామూలు దారిలో వెళ్లే ఇంగ్లిష్ విద్యార్థి సంగతి చూడండి. 2025-26లో ఏడాది ఫీజు 9,535 పౌండ్లు. మూడేళ్లకు 28 వేలు దాటుతుంది, తిండీ బసా వేరు. దాదాపు అందరూ ప్రభుత్వ రుణం మీదే చదువుతారు. 2023 ఆగస్టు నుంచి చేరినవారు, ఏడాది సంపాదన 25 వేల పౌండ్లు దాటాక, ఆ పైనున్న దాంట్లో 9 శాతం చొప్పున అప్పు తీరేదాకా, తీరకపోతే 40 ఏళ్ల దాకా కడుతూనే ఉండాలి. అప్రెంటిస్‌కు ఇవేమీ లేవు. శిక్షణ ఖర్చులో ఒక్క పెన్నీ కూడా అతని దగ్గర వసూలు చేయకూడదని నిధుల నిబంధనల్లోనే రాశారు. మధ్యలో మానేసి వెళ్లినా ఆ ఖర్చు కక్కించకూడదు. బాండు రాయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే పద్ధతి తెలిసిన మనకు ఇది నమ్మశక్యంగా ఉండదు.

కంపెనీలకు ఇంత ధర్మబుద్ధి ఎక్కడిది? ధర్మం కాదు, పన్ను. 2017 ఏప్రిల్ నుంచి, ఏడాది జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటే ప్రతి సంస్థా ఆ పైనున్న మొత్తంలో అర శాతం అప్రెంటిస్‌షిప్ లెవీగా కడుతోంది. ఆ డబ్బు సంస్థ పేరిట ఉన్న ఆన్‌లైన్ ఖాతాలో పడుతుంది. శిక్షణకే వాడాలి, గడువులోగా వాడకపోతే వెనక్కి రాదు. ఒక్కో డిగ్రీ అప్రెంటిస్ మీద గరిష్ఠంగా 27 వేల పౌండ్ల దాకా అందులోంచి వాడుకోవచ్చు. ఎలాగూ పోయే డబ్బుతో మనిషిని తయారుచేసుకోవచ్చంటే ఏ కంపెనీ ఊరుకుంటుంది? మంచి పనిని మంచితనం మీద వదిలేయకుండా లెక్కలో ఇరికించడమే ఈ పథకంలో నాకు నచ్చిన సంగతి.

ఇంగ్లండ్‌కు ఈ శిష్యరికం కొత్తదేమీ కాదు. 1563 నాటి చట్టం ఏ చేతివృత్తిలోకైనా రావాలంటే ఏడేళ్లు గురువు దగ్గర పనిచేయాలని శాసించింది. 1814లో ఆ నిబంధనను ఎత్తేశారు. తర్వాతి రోజుల్లో శిష్యరికం ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలకు, విశ్వవిద్యాలయం దొరల పిల్లలకు అని దారులు చీలిపోయాయి. రెండు శతాబ్దాలు వేరువేరుగా నడిచిన ఆ రెంటినీ ఇప్పుడు ఒకే ఒప్పంద పత్రం మీద కలిపి కుట్టారు.

ఈ కుట్టు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కు ఎందుకు అంత బాగా అతికింది? వాయవ్య ఇంగ్లండ్‌లో కంబ్రియా తీరానికి వెళితే తెలుస్తుంది. అక్కడ సెల్లాఫీల్డ్ ఉంది. 1956లో రాణి ఎలిజబెత్ ప్రారంభించిన కాల్డర్ హాల్ అణువిద్యుత్ కేంద్రం ఈ ప్రాంగణంలోదే. ఇప్పుడు అక్కడ కరెంటు తయారు కాదు. దశాబ్దాలుగా పోగుపడిన అణు వ్యర్థాలను తీసి, శుద్ధిచేసి, భద్రపరచి, పాత కట్టడాలను ఒక్కొక్కటిగా కూల్చడమే పని. బ్రిటన్ నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ పని పూర్తయ్యేది 2125లో, అంచనా వ్యయం 13,600 కోట్ల పౌండ్లు. ఈ ఏడాది 18 ఏళ్లకు చేరిన అప్రెంటిస్ ఉద్యోగమంతా అక్కడే చేసి రిటైరైనా ముగింపు చూడడు. అతని మనవడూ చూడకపోవచ్చు. తరం తర్వాత తరం ప్రాజెక్టు నడిపేవాళ్లు కావాలి, వాళ్లు బజారులో దొరకరు. అందుకే సెల్లాఫీల్డ్ సంస్థ కంబ్రియా విశ్వవిద్యాలయాన్ని కలుపుకొని ప్రాజెక్ట్ అకాడమీ పెట్టుకుంది. చుట్టుపక్కల పట్టణాల పిల్లలు ఇల్లు విడవకుండానే అందులో చేరి డిగ్రీ చదువుతున్నారు.

ప్రాజెక్టులు గాడి తప్పడం బ్రిటన్‌కూ అలవాటే. లండన్ కింద నుంచి వెళ్లే ఎలిజబెత్ లైన్ 2018 డిసెంబరులో తెరుచుకోవాల్సింది, 2022 మే 24న తెరుచుకుంది. 1,480 కోట్ల పౌండ్ల బడ్జెట్టు దాదాపు 1,900 కోట్లకు చేరింది. 1981లో శంకుస్థాపన చేసిన పోలవరాన్ని ఇంకా కడుతున్నవాళ్లం, 2023లో మేడిగడ్డ పిల్లర్లు కుంగడం చూసినవాళ్లం, మూడున్నరేళ్ల ఆలస్యానికి వాళ్లు అంత గొడవ పడటం చూస్తే మనకు కొంచెం ముచ్చటేస్తుంది. కానీ అలాంటి గొడవల్లోంచే ప్రాజెక్టు నడపడం ఒక వృత్తి అనే గుర్తింపు అక్కడ వచ్చింది. 1972లో పుట్టిన అసోసియేషన్ ఫర్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కు 2017లో రాయల్ చార్టర్ దక్కింది. చార్టర్డ్ అకౌంటెంట్ ఉన్నట్టే ఇప్పుడు చార్టర్డ్ ప్రాజెక్టు నిపుణుడూ ఉన్నాడు.

ఇంతకీ ఆ వృత్తి ఏమిటి? పుస్తకంలోని నిర్వచనం కంటే మా ఇంటి స్లాబు రోజు నాకు బాగా చెప్పింది. కాంక్రీటు మిల్లర్ తెల్లవారి అయిదుకు రావాలి. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి మేస్త్రీ టార్చిలైటు పట్టుకుని సెంట్రింగ్ మీదికెక్కి, కట్టిన ఊచల మధ్య ఒంగి ఒంగి చూశాడు. ఒక గదిలో ఎలక్ట్రీషియన్ ఫ్యాన్ బాక్సు పెట్టడం మరిచిపోయాడు. కాంక్రీటు పడ్డాక ఇక అంతే. ఫోను ఎత్తకపోతే బండి వేసుకుని వాడి ఇంటికే వెళ్లి లేపుకొచ్చాడు. అప్పటికే ఇంకో మిల్లర్ ఓనరుకు ‘ఆరింటిదాంక మనోడు రాకుంటే నువ్వే రావాలె’ అని చెప్పి ఉంచాడు. మబ్బు పట్టింది కదా అని టార్పాలిన్లు మడిచి మెట్ల కింద పెట్టించాడు. ఇంగ్లండ్ అప్రెంటిస్ దీన్ని రిస్క్ రిజిస్టర్ అంటాడు. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో పట్టుకోవడాన్ని క్రిటికల్ పాత్ అంటాడు. మేస్త్రీకి ఆ పేర్లు తెలియవు. పేర్లు తెలియకపోయినా మా స్లాబు పొద్దు గుంకేలోపు పడింది.

అలాగని మేస్త్రీని మ్యూజియంలో పెట్టి పూజించలేను. లెక్కంతా ఆయన బుర్రలో ఉంటుంది, మిగతాది ఆ చిన్న నోటుబుక్కులో. ఆయనకు జ్వరమొస్తే సైటు ఆగిపోతుంది. పక్క వీధిలో ఒక ఓనరు నోటిమాటగా అడిగితే బాల్కనీ రెండడుగులు పెంచాడు. కాగితం లేదు, డబ్బు రాలేదు, లక్షకు పైగా నష్టపోయాడు. ఒప్పుకున్న పనిలో ఏ మార్పు వచ్చినా రాతపూర్వకంగా ఖర్చు కట్టి, సంతకం పెట్టించుకున్నాకే ముట్టుకోవాలన్నది అప్రెంటిస్‌కు మొదటి ఏడాదే నేర్పే పాఠం. కాంట్రాక్టు చట్టం, ఖర్చుల లెక్క, కాలవ్యవధి అంచనా, ఒకచోట దెబ్బతిన్న అనుభవాన్ని ఇంకోచోటికి చేర్చే పద్ధతి, ఇవి చదువు ఇచ్చేవి. అందుకే ఈ వృత్తికి చదువూ సైటూ రెండూ కావాలంటాను. మన మేస్త్రీ శిష్యరికంలో చదువు లేదు. మన బీటెక్ చదువులో శిష్యరికం లేదు.

అప్రెంటిస్ చేత మొదట్లో చేయించే పనులు చూస్తే మన ఇంజినీరింగ్ పిల్లలకు నవ్వొస్తుంది. మీటింగులో ఎవరు ఏం ఒప్పుకున్నారో రాసి పంపడం. శుక్రవారానికి ఇస్తానన్న డ్రాయింగు వచ్చిందా అని గురువారమే అడగడం. రాలేదంటే ఎందుకు రాలేదో కనుక్కుని, దాని వల్ల ఇంకెవరి పని ఆగుతుందో చూసి షెడ్యూల్లో జరపడం. ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ వృత్తి ప్రాణం ఇక్కడే ఉంది. ప్రాజెక్టు నడిపేవాడి చేతిలో ఎవరి ఇంక్రిమెంటూ ఉండదు. తన కింద పనిచేయని మనుషుల చేత, తన పని కాని పని, చెప్పిన తేదీకి చేయించాలి. 19 ఏళ్ల అమ్మాయి, 55 ఏళ్ల వెల్డింగ్ ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లి ‘మీరన్న రోజు దాటిపోయింది’ అని చెప్పాలి. ఆయన విసుక్కుంటాడు. ఆమె ఎర్రబడ్డ ముఖంతో తిరిగొస్తుంది. పై ఆఫీసరు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ‘తేదీ దాటిందని కాదు, నీకు అడ్డమేమొచ్చిందని అడిగి చూడు’ అంటాడు. మర్నాడు మళ్లీ వెళుతుంది. ఈ రెండో ప్రయాణాన్ని ఏ క్లాసురూమూ ఇవ్వలేదు. ఇచ్చినా అది నాటకమే అవుతుంది, ఫోర్‌మన్ నిజం కాదు కాబట్టి.

నా దృష్టిలో డిగ్రీ అప్రెంటిస్‌షిప్ గొప్పతనం ఫీజు లేకపోవడం కన్నా ఆ పై ఆఫీసరులో ఉంది. అప్రెంటిస్‌ను చూసుకోవడం అతని ఉద్యోగ బాధ్యతల్లో రాసి ఉంటుంది. కొన్ని వారాలకోసారి కంపెనీ మనిషి, విశ్వవిద్యాలయం మనిషి, అప్రెంటిస్ ముగ్గురూ కూర్చుని ఏం నేర్చుకున్నాడు, ఎక్కడ ఆగాడు అని చూసుకోవాలి. పిల్లవాడు దారి తప్పితే సమాధానం చెప్పాల్సినవాళ్లు ఇద్దరుంటారు. మన కుటుంబాల్లో ఆ భారమంతా ప్లాటు అమ్మిన తండ్రి ఒక్కడిదే.

ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ల పిల్లలకు ఈ దారి తెరిచే ఉంది. మూడేళ్లుగా అక్కడ నివాసముండి, పనిచేసే హక్కు ఉంటే చాలు, ఇక్కడినుంచి కొత్తగా వెళ్లేవాళ్లకు లేనివి అవే. అయినా ఇళ్లలో మింగుడు పడదు. రెడింగ్‌లో ఉండే మా చిన్ననాటి స్నేహితుడి కూతురు యూనివర్సిటీ దరఖాస్తులతో పాటు ఒక పెద్ద కంపెనీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అప్రెంటిస్‌షిప్‌కూ పెట్టుకుంది. ‘అప్రెంటిస్ అంటే మన ఐటీఐ వాళ్లు లాలాగూడ వర్క్‌షాపులో చేసేది కదరా, నలుగురిలో ఏమని చెప్పుకోను?’ అని వాడి బెంగ. తప్పు వాడిది కాదు. తెలుగులో ఆ మాట చుట్టూ గ్రీజు వాసన ఉంది, ఆ వాసనంటే చదువుకున్నవాళ్లకు చిన్నచూపు ఉంది.

పథకంలో లోపాలు లేవా అంటే దండిగా ఉన్నాయి. ఈ అవకాశాలు పేద ప్రాంతాల పిల్లలకు చేరుతున్నది తక్కువని సటన్ ట్రస్ట్ వంటి సంస్థలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. ఆన్‌లైన్ పరీక్షలు, వీడియో ఇంటర్వ్యూలు, రోజంతా సాగే అసెస్‌మెంట్ సెంటర్లు దాటాలంటే ఇంట్లో చెప్పేవాళ్లుండాలి. లెవీ డబ్బు మిగిలిపోతుందని కొన్ని కంపెనీలు ఉన్న మేనేజర్లకే అప్రెంటిస్ బిళ్ల తగిలించి ఎంబీఏలు చదివించాయి. గోల పెరిగాక 2021లో ఆ దారి మూసేశారు. 2026 జనవరి నుంచి మాస్టర్స్ స్థాయి అప్రెంటిస్‌షిప్‌లకు నిధులను దాదాపుగా 21 ఏళ్లు మించనివారికే పరిమితం చేశారు. అన్ని స్థాయిలూ కలిపి చూస్తే 2023-24లో అప్రెంటిస్‌షిప్ విజయవంతంగా పూర్తిచేసినవారు పదిమందిలో ఆరుగురే. ఉద్యోగం, చదువు, ఏ వారం ఏం నేర్చుకున్నానో నమోదు చేసే రాతకోతలు, మూడూ మోయలేక కొందరు మధ్యలోనే దించేస్తారు. అదీగాక నాలుగేళ్లు ఒకే కంపెనీ సాఫ్ట్‌వేరు, ఒకే కంపెనీ ఫారాలు చూసినవాడికి లోకమంతా అలాగే నడుస్తుందనిపించే ప్రమాదం ఉంది. ముందు ఇంజినీరు కాకుండానే మేనేజరు ఎలా అవుతాడు అనే పాత ఇంజినీర్ల అభ్యంతరాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయలేను. వెల్డింగు తెలియనివాడు వెల్డర్ చెప్పే సాకులో నిజమెంతో పసిగట్టలేడు. నాలుగేళ్లు రోజూ ఆ వెల్డర్ పక్కన తిరిగితే కొంత తెలుస్తుంది. ఏడాది ఎమ్మెస్సీలో అదీ తెలియదు.

మన దగ్గర చట్టం లేక కాదు. అప్రెంటిసెస్ యాక్ట్ 1961 నాటిది. 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. కిటుకంతా 18వ సెక్షన్‌లో ఉంది. అప్రెంటిస్ అంటే శిక్షణ పొందేవాడే తప్ప కార్మికుడు కాడని అది తేల్చేసింది. అతనికి వచ్చేది జీతం కాదు, స్టైపెండ్. 2019 నిబంధనల్లో డిగ్రీ చదివినవారికి కనీసం నెలకు 9,000 రూపాయలుగా పెట్టారు, అందులో సగం కేంద్రం భరించేలా. ఇంగ్లండ్‌లో అప్రెంటిస్‌కు మొదటి రోజు నుంచే ఉద్యోగ ఒప్పందం, సెలవులు, కనీస వేతనం ఉంటాయి. 2025-26లో అది గంటకు 7.55 పౌండ్లు ఉండేది, పెద్ద కంపెనీలు అంతకంటే ఎక్కువే ఇస్తాయి. ఉద్యోగి అన్నప్పుడు కంపెనీ అతన్ని నిలబెట్టుకోవాలనుకుంటుంది. శిక్షణార్థి అన్నప్పుడు ఏడాది వాడుకుని కొత్తవాణ్ని తెచ్చుకుంటుంది. చట్టంలో ఒక్క మాట తేడా, మనిషి బతుకులో ఇంత తేడా.

డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్ కలపాలని 2020 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు, యూజీసీ మార్గదర్శకాలూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టింది. ఆ ఇంటర్న్‌షిప్‌లు ఎలా నడుస్తాయో కాలేజీల్లో ఎవరిని అడిగినా నవ్వుతారు, సర్టిఫికెట్ మాత్రమే తయారుచేసి ఇచ్చే దుకాణాలున్నాయి. నిజానికి మనకు పనికొచ్చే నమూనాలు ప్రభుత్వం బయట ఉన్నాయి. బిట్స్ పిలానీ 1979 నుంచే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు పనితో ముడిపెట్టి డిగ్రీలిస్తోంది. 1995లో విప్రో దానితో కలిసి బీఎస్సీ పిల్లల్ని తీసుకుని పనిచేయిస్తూ ఎంఎస్ చదివించడం మొదలుపెట్టింది. మన జిల్లాల్లో ఎమ్సెట్ ర్యాంకు రాక బీఎస్సీలో చేరిన ఎందరో ఆ తలుపు గుండానే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లారు. 2017లో హెచ్‌సీఎల్ ఇంటర్ పిల్లలతో టెక్‌బీ పేరిట అలాంటిదే తెచ్చింది. కానీ ఇవన్నీ ఐటీ చుట్టూనే తిరుగుతున్నాయి. రోడ్లు, కాలువలు, మెట్రోలు, అపార్టుమెంట్లు ఇన్ని కడుతున్న రెండు రాష్ట్రాల్లో, నిర్మాణ సంస్థ గుమ్మంలోంచి డిగ్రీలోకి వెళ్లే దారి నాకు కనిపించలేదు.

మేస్త్రీ కొడుకు సంగతికి వస్తే, వీసాకు లండన్ బయట అయితే నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు బ్యాంకులో చూపించాలి. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇప్పటిదాకా రెండేళ్లు, 2027 నుంచి ఏడాదిన్నరే. ఆ తర్వాత అక్కడే ఉండాలంటే మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతమిచ్చే కంపెనీ స్పాన్సర్ చేయాలి. కొత్తవాళ్లకు కొంత సడలింపు ఉందనుకున్నా, సైటు అనుభవం లేని ప్రాజెక్టు మేనేజరుకు అంత జీతం ఎవరిస్తారు? ఇదంతా ఓ ఆదివారం మేస్త్రీకి కాగితం మీద వేసి చూపించాను. శ్రద్ధగా విన్నాడు, లెక్కల మనిషి కదా.

‘మరి ఈ ఏడాది ఆగి, మీతోపాటు సైటుకు తీసుకెళ్లరాదా?’ అన్నాను.

‘ఎండల ఆనికేం పని సార్?’ అన్నాడు. ‘సదువుకున్న పోరడు.’